57 అడుగుల నారోబోటు కొనబోతున్నాం: రేకు మందం, చలికాలం, మూరింగ్ గురించి సలహా కావాలి

తేనెపట్టు

అందరికీ నమస్కారం. బర్మింగ్‌హామ్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నేను, మావారు, నాలుగేళ్ల పాప. సాయంత్రాలు కాలువ గట్టున నడుస్తూ ఆ నారోబోట్ల మీద, అంటే ఇరుకు కాలువల్లో తిరిగే సన్నటి పొడవాటి ఉక్కు పడవల మీద, మనసు పడ్డాం. చాలా వెతికాక ఒకటి బాగా నచ్చింది. 57 అడుగుల పొడవు, 2003లో కట్టినది, బీటా 38 ఇంజను, గోడల్లో స్ప్రే ఫోమ్ ఇన్సులేషన్. లోపల చెక్కపని ఎంత బాగుందంటే కళ్లు తిప్పుకోలేకపోయాం.

మేమే డబ్బు కట్టి, పడవను నీటిలోంచి పైకి తీయించి సర్వే చేయించాం. అడుగు రేకు మొదట 10 మి.మీ., ఇప్పుడు అతి తక్కువగా ఉన్నచోట 8.9. పక్క రేకు మొదట 6 మి.మీ., చాలాచోట్ల ఇప్పటికీ 5.6 ఉంది. కానీ ఎడమవైపు వెనుక భాగంలో, నీటిగీత దగ్గర, 1.5 మి.మీ. లోతు వరకు గుంటలు పడ్డాయి. అక్కడ మిగిలింది 4.1. ఆనోడ్లు (రేకుకు బదులు తాము కరిగి దాన్ని కాపాడే లోహపు దిమ్మలు) దాదాపు కరిగిపోయాయి. సర్వేయరు "కొనవచ్చు, కానీ మరమ్మతు చేయించాలి" అని రాశారు.

దీన్ని ఎంత తీవ్రంగా తీసుకోవాలి? ఏడాది పొడవునా పడవలోనే ఉండాలని మా ఆలోచన. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

ఇనుప_అడుగు

తేనెపట్టు గారూ, సర్వే మీరే చేయించుకోవడం చాలా మంచి పని. అమ్మేవారు చూపించే పాత నివేదికను నమ్ముకుంటే, రేపు తేడా వచ్చినప్పుడు ఆ సర్వేయరు మీకు జవాబుదారీ కాదు.

ఇక అంకెలు. ఇరవై ఏళ్లు దాటిన పడవలో 6 మి.మీ. రేకు 5.6 ఉందంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. గుంటల సంగతి వేరు. రేకు అంతటా సమానంగా అరిగితే దాని వేగం లెక్కకు అందుతుంది. గుంట ఒకచోట మొదలై లోపలికి తొలుచుకుంటూ పోతుంది, చుట్టూ రేకు బాగానే కనిపిస్తుంది. 4.1 అంటే ఇప్పటికిప్పుడు మునిగే ప్రమాదం కాదు. కానీ చాలా బీమా సంస్థలు 4 మి.మీ.ని హద్దుగా చూస్తాయి. పాతబడిన పడవకు కొన్నేళ్లకోసారి సర్వే నివేదిక అడుగుతాయి. వచ్చే సర్వేలో అది 3.8 అయితే సమగ్ర బీమా ఇవ్వకపోవచ్చు. మీరు అమ్మాలనుకున్న రోజు కొనేవారూ అదే అంకె పట్టుకుంటారు.

గుంటలు ఒకే వైపు, ఒకే చోట ఎందుకు పడ్డాయో అడగండి. నాకు రెండు అనుమానాలు. పడవను ఏళ్ల తరబడి ఎడమవైపు గట్టుకు కట్టి ఉంటారు. గట్టు అంచున దిగ్గొట్టిన ఉక్కు పలకలకు రాసుకుని తారుపూత పోయి ఉంటుంది. రెండో అనుమానం, మెరీనాలో (పడవలు కట్టుకునే రేవులో) గట్టు కరెంటుకు ఎప్పుడూ తగిలించి ఉంచి, గాల్వానిక్ ఐసొలేటరు (ఎర్తు తీగ గుండా పారే చిన్న కరెంటును ఆపే పరికరం) పెట్టి ఉండరు. గట్టు కరెంటు తీగలోని ఎర్తు మీ పడవ ఉక్కునూ పక్క పడవల ఉక్కునూ కలిపేస్తుంది. నీరు మధ్యలో ఉంది కనుక అదంతా ఒక పెద్ద బ్యాటరీగా మారుతుంది. మీ ఆనోడ్లు కరిగి పక్కవారి పడవను కాపాడతాయి. అవి అయిపోయాక మీ రేకు కరగడం మొదలవుతుంది. ఆనోడ్లు కరిగిపోయాయని మీరు రాశారు కాబట్టి ఇంజను గదిలో ఐసొలేటరు ఉందో లేదో ముందు చూడండి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే ఇంకా మంచిది, ఎర్తు సంబంధాన్నే తెంచేస్తుంది.

కాలువ మంచినీరు కనుక మెగ్నీషియం ఆనోడ్లే వేయించాలి. జింకు సముద్రానికి పనికొస్తుంది, ఇక్కడ చేతకాదు. ఆనోడు తన చుట్టూ కొద్ది దూరాన్నే కాపాడుతుంది. చాలామంది ముందు రెండు, వెనుక రెండు వేయించి ఊరుకుంటారు. 57 అడుగుల పడవకు నడుమ కూడా వేయించడం నయం.

చెక్కపనిని చివరగా చూడండి. పాడైతే మీరే మార్చుకోగలరు. రేకు అలా కాదు.

చుక్కాని_పట్టు

రేకు గురించి ఇనుప_అడుగు గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ దానికంటే ముందు తేలవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. పడవను ఎక్కడ కట్టబోతున్నారు? మీ పోస్టులో ఆ మాటే లేదు. మూరింగ్, అంటే పడవను శాశ్వతంగా కట్టుకునే చోటు, చేతిలో లేకుండా, ఊళ్లో ఉద్యోగం, బడికి వెళ్లబోయే పాప ఉన్నవారు పడవ కొంటే మొదటి ఏడాదే కష్టాలు మొదలవుతాయి.

తేనెపట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఐసొలేటరు ఉందో లేదో ఈ వారాంతం వెళ్లి చూస్తాం. మూరింగ్ విషయంలో మా ఆలోచన ఇది: సొంత మూరింగ్ లేకుండా లైసెన్సు తీసుకుని, రెండు వారాలకోసారి కదులుతూ ఉండవచ్చు కదా? బర్మింగ్‌హామ్ చుట్టూ కాలువలకు కొదవ లేదు. పాప సెప్టెంబరులో రిసెప్షన్ తరగతిలో చేరాలి. బడికి అరగంట దూరంలో ఉండేలా తిరుగుదామని అనుకున్నాం.

చుక్కాని_పట్టు

అక్కడే చిక్కు ఉందండి. 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం, సొంత మూరింగ్ లేని పడవను నిజమైన ప్రయాణానికే వాడాలి. ఒకచోట వరుసగా పద్నాలుగు రోజులకు మించి ఉండకూడదు. జబ్బు, ఇంజను చెడిపోవడం, కాలువ గడ్డకట్టడం వంటి కారణాలు ఉంటే కొంత సడలింపు ఉంటుంది. ఇందులో అందరికీ గుర్తుండేది పద్నాలుగు రోజులే. కానీ బరువంతా "నిజమైన ప్రయాణం" అన్నదాని మీద ఉంది. రెండు వంతెనల మధ్య అటూ ఇటూ తిరిగితే ప్రయాణం కింద లెక్కకు రాదు. ఏడాది మొత్తంలో మీరు తిరిగిన పరిధి ఇరవై మైళ్ల లోపే ఉంటే అది సరిపోవడం చాలా అరుదని కాలువలను నిర్వహించే కెనాల్ అండ్ రివర్ ట్రస్టు చెబుతోంది. ఇరవై దాటితే చాలు అన్న హామీ కూడా ఇవ్వదు. ఉద్యోగం, బడి కోసం ఒకే ఊరి చుట్టూ ఉండిపోవడాన్ని కారణంగా ఒప్పుకోదు. ట్రస్టు మనుషులు గట్టు వెంట తిరుగుతూ ప్రతి పడవ సంఖ్యనూ, అది ఉన్న చోటునూ నమోదు చేసుకుంటారు. ఏడాది చివర వాళ్ల దగ్గర మీ ప్రయాణం మొత్తం ఉంటుంది. సంతృప్తి కలగకపోతే ఏడాదికి బదులు ఆరు నెలల లైసెన్సే ఇస్తారు. ఆ తర్వాతా మారకపోతే లైసెన్సు నిరాకరించి, పడవను తొలగించే దాకా వెళ్లగలరు.

ఖర్చు కూడా పెరిగింది. 2024 ఏప్రిల్ నుంచి మూరింగ్ లేని పడవలకు లైసెన్సు మీద అదనపు రుసుము వేస్తున్నారు. మొదటి ఏడాది 5 శాతం, ఏటా పెంచుతూ 2028 నాటికి 25 శాతం చేస్తామని ప్రకటించారు.

లాకుల_దారి

చుక్కాని_పట్టు గారు చెప్పిన చట్టం నిజమే. కానీ వారి మాటలు చదివినవారు తిరుగుతూ బతకడమే నేరమనుకుంటారేమో! నేను, నా భార్య మూరింగ్ లేకుండానే ఉంటున్నాం. ఇంటి నుంచే పని. వసంతంలో టార్డెబిగ్ దగ్గరి ముప్పై లాకులూ (పడవను ఎక్కించి దించే నీటి గదులు) దిగి వూస్టర్ వైపు, అక్కడి నుంచి సెవర్న్ నది మీదుగా స్టోర్‌పోర్ట్, మళ్లీ కాలువ ఎక్కి వుల్వర్‌హాంప్టన్, బర్మింగ్‌హామ్. ఒక్కో ఊళ్లో వారం, పది రోజులు. ట్రస్టు నుంచి ఒక్క హెచ్చరికైనా రాలేదు. వాళ్లు అడిగేది తిరగమనే కదా, తిరగడానికే కదా పడవ కొన్నాం!

తేనెపట్టు గారూ, పాపకు ఇంటిదగ్గరే చదువు చెప్పుకునే ఆలోచన ఉంటే ఈ జీవితం కంటే గొప్ప బడి లేదు. ఇంగ్లండులో అది చట్టబద్ధమే.

చుక్కాని_పట్టు

లాకుల_దారి గారూ, మీ ఇద్దరి ఉద్యోగాలు మీతో పాటే కదులుతాయి. మీరు చట్టాన్ని అక్షరాలా పాటిస్తున్నారు, నాకు మీ మీద గౌరవమే. వీరి పరిస్థితి వేరు. బడికి అరగంట దూరంలో ఉండాలంటే ఇరవై మైళ్ల పరిధి దాటలేరు. ఆ రెండూ ఒకచోట ఇమడవు. పసిపాపతో ఉన్న కుటుంబం జనవరిలో ట్రస్టు ఉత్తరం చదువుకుని ఎటు పోవాలో తెలియక కూర్చోవడం నేను చూడదలచుకోలేదు.

తేనెపట్టు గారూ, మెరీనాలో మూరింగ్ చూసుకోండి. ఒక్క జాగ్రత్త. ఎక్కువ మెరీనాలు వినోదపు మూరింగులనే ఇస్తాయి. అక్కడ పడవ కట్టుకోవచ్చు, కాపురం ఉండకూడదు. నివాస అనుమతి ఉన్న మూరింగులు తక్కువ, వాటికి కౌన్సిల్ టాక్స్ (స్థానిక ఇంటిపన్ను) కూడా ఉంటుంది. "అందరూ ఉంటున్నారు, ఎవరూ అడగరు" అని ఎవరైనా చెబితే రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. బడి దరఖాస్తు, డాక్టరు నమోదు, బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్సు, వీసా పొడిగింపు, అన్నింటికీ చిరునామా కావాలి. నివాస మూరింగ్ ఉంటే ఆ చిరునామానే ఇవ్వవచ్చు.

గోదావరి_పాయ

నేను పడవ యజమానిని కాను. మా అబ్బాయి నార్తాంప్టన్ దగ్గర ఉంటాడు, వేసవుల్లో వచ్చి కాలువ గట్టున కూర్చుంటాను. మాది కోనసీమ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలువల్లో పొలాలకు నీళ్లు, పడవలకు దారి రెండూ ఉండేవి. మా చిన్నప్పుడు ధాన్యం పడవలను తాడు కట్టి గట్టు మీద నడుస్తూ మనుషులే లాగేవారు. ఇక్కడ గుర్రాలు లాగేవట. లాకు తలుపులు, నీళ్లు నిండేదాకా ఆగడం, అంతా నాకు బాగా తెలిసిన సంగతే అనిపించింది.

ఒక్క విషయం అడగాలని ఉంది. మా దగ్గర ఏటా వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తారు, లాకులు బాగుచేస్తారు. ఇక్కడా అలాంటి రోజులు ఉంటే, ఆ సమయంలో తిరిగే పడవలు ఏం చేస్తాయి?

లాకుల_దారి

గోదావరి_పాయ గారూ, మంచి ప్రశ్న వేశారు. ఇక్కడ ఆ పని చలికాలంలో జరుగుతుంది, సుమారు నవంబరు నుంచి మార్చి దాకా. ఏ లాకు ఏ తేదీల్లో మూస్తారో ముందే జాబితా ఇస్తారు. దాన్ని చూసుకుని, నీటి కుళాయి, బొగ్గు, డీజిలు దొరికే చోటు మనవైపు ఉండేలా చలికాలం మజిలీ ఎంచుకోవాలి. మూసిన రెండు లాకుల మధ్య చిక్కుకుంటే కుళాయి దాకా కూడా వెళ్లలేం. ఈ మధ్య వేసవిలోనూ ఇబ్బంది వస్తోంది. 2025 వేసవిలో జలాశయాలు అడుగంటి లీడ్స్-లివర్‌పూల్ కాలువతో సహా చాలాచోట్ల లాకులు మూసేశారు. ఒక్క ఇరుకు లాకు తెరిస్తే లక్ష లీటర్లకు పైగా నీరు కిందికి పోతుంది మరి. నదుల దారి పట్టేవారు వరదలను కూడా చూసుకోవాలి. సెవర్న్ పొంగితే స్టోర్‌పోర్ట్‌లోనే ఆగిపోవాలి. నదిలోకి దిగేముందు లంగరు సిద్ధంగా ఉండి తీరాలి.

పొయ్యి_వెలుగు

ఇంతమంది రాశారు, చలికాలంలో లోపల కాపురం ఎలా ఉంటుందో ఒక్కరూ చెప్పలేదు! నేను ఇద్దరు పిల్లలతో మెరీనాలో నివాస మూరింగ్ మీద ఉంటున్నాను. తేనెపట్టు గారూ, ఇది మీకోసమే రాస్తున్నాను.

నారోబోటులో చలి కంటే పెద్ద శత్రువు తడి. ఉక్కు పెట్టెలో ముగ్గురు ఊపిరి పీలుస్తుంటారు, స్నానం చేస్తారు, వంట చేస్తారు. ఆ ఆవిరంతా చల్లటి కిటికీ చట్రాల మీదికి, అలమరల వెనక్కి, పరుపు కిందికి చేరి నీరవుతుంది. మన వంట ఈ దేశపు వంటకంటే ఎక్కువ ఆవిరి ఇస్తుంది. అన్నం, పప్పు, ఇడ్లీ, చారు, అన్నీ మరగవలసినవే. పైగా గ్యాసు మండటం వల్లే నీరు పుడుతుందని చాలామందికి తెలియదు. కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి గాల్లో చేరుతుంది. ఒక 13 కిలోల సిలిండరు అయిపోయేసరికి ఇరవై లీటర్లకు పైగా నీరు మీ పడవలోనే పుట్టిందన్నమాట.

అందుకని నా వంట పద్ధతి ఇది. పప్పు, అన్నం ప్రెషర్ కుక్కరులోనే. రెండు మూడు కూతలు రాగానే దింపి మూత దానంతట అదే వచ్చేదాకా వదిలేస్తాను. గ్యాసు మిగులుతుంది, ఆవిరి తగ్గుతుంది. పోపు వేసేటప్పుడు పొయ్యి పైకప్పులోని పుట్టగొడుగు ఆకారపు గాలి వెంటును పూర్తిగా తెరిచి, పక్క తలుపు కాస్త తీస్తాను. చలి వేసినా సరే. చలికాలంలో బట్టలు లోపల ఆరవేయను, లాండ్రెట్టులో ఆరబెట్టించుకుని తెచ్చుకుంటాను. కిటికీలకు లోపలివైపు పారదర్శకమైన అక్రిలిక్ పలకలు అయస్కాంతపు పట్టీతో అతికించాను. ఆ తర్వాత చట్రాల మీద నీరు కారడం చాలావరకు ఆగింది. పరుపును బల్ల మీద నేరుగా వేయకండి, కింద గాలి ఆడేలా చెక్కబద్దలు ఉండాలి. స్ప్రే ఫోమ్ ఉండటం మీ అదృష్టం. పాలిస్టైరిన్ పలకలు పెట్టిన పాత పడవల్లో రేకుకూ పలకకూ మధ్య సందులో నీరు చేరుతుంది.

ఇక పొయ్యి. బొగ్గు పొయ్యి అక్టోబరులో అంటిస్తే వసంతం దాకా ఆరనివ్వం. పొగరాని బొగ్గు ఉండలు వాడండి. రాత్రి పొయ్యి నింపి గాలి వచ్చే దారి తగ్గిస్తే తెల్లారేదాకా నిప్పు నిలుస్తుంది. పచ్చి కట్టెలు మాత్రం వద్దు, పొగగొట్టం నిండా మసి, జిగట పేరుకుంటాయి. బూడిద డబ్బాను లోపల పెట్టుకోకండి. చల్లారినట్టు కనిపించినా అడుగున నిప్పు ఉంటుంది, దాన్నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది.

ఈ ఒక్క మాట ప్రాణంతో సమానం అనుకోండి. చలి వస్తోందని గాలి వెంట్లను గుడ్డలు కుక్కి మూయవద్దు. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. నివాసపు గది ఉన్న పడవల్లో దాని అలారం 2019 ఏప్రిల్ నుంచి పడవ భద్రతా పరీక్షలో తప్పనిసరి. పొయ్యి దగ్గర ఒకటి, పడుకునే చోట ఒకటి పెట్టండి. వారానికోసారి మీట నొక్కి మోగుతోందో లేదో చూడండి.

పాపకు లైఫ్ జాకెట్ పడవలో ఎక్కే రోజే కొనండి. పడవ కదులుతున్నా, కట్టేసి ఉన్నా, వెనుక డెక్కు మీదికి వస్తే అది ఒంటి మీద ఉండాల్సిందే అని మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. లాకు దగ్గర పిల్లలు పరుగెత్తకూడదు. దీనికి మా ఇంట్లో మినహాయింపు లేదు.

సూర్యపలక

కరెంటు గురించి నేను చెబుతాను. మెరీనాలో ఉంటే గట్టు కరెంటు ఉంటుంది కనుక మీకు బాధ తక్కువ. ప్రయాణంలో ఉన్నప్పుడు లెక్క వేరు. 700 వాట్ల రైస్ కుక్కరును ఇన్వర్టరు మీద నడిపితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 65 ఆంపియర్ల దాకా లాగుతుంది. 110 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీలు నాలుగు ఉన్నా, సగం కంటే కిందికి దించితే త్వరగా చచ్చిపోతాయి కనుక వాడుకోదగ్గది 220 మాత్రమే. మిక్సీ ఫర్వాలేదు, అయిదు నిమిషాల పని. రైస్ కుక్కరును, హెయిర్ డ్రయ్యరును గట్టు కరెంటు ఉన్నప్పటికి ఉంచుకోండి.

సోలారు పలకలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు మొత్తం అవసరం తీరుస్తాయి. డిసెంబరులో వాటిని నమ్ముకోవద్దు. అప్పుడు ఇంజను తిప్పి ఛార్జి చేయాలి, అదీ రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు తిప్పకూడదు. లిథియం బ్యాటరీలు మంచివే. అయితే ఇంజను ఆల్టర్నేటరుకు నేరుగా కలిపితే అవి ఆపకుండా లాగి దాన్ని వేడెక్కించి కాల్చేస్తాయి. మధ్యలో డీసీ-డీసీ ఛార్జరు పెట్టించాలి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉంటే లిథియంను ఛార్జి చేయకూడదు కనుక వాటిని ఇంజను గదిలోని మంచు చలిలో వదిలేయకుండా లోపల అమర్చుకోండి.

తేనెపట్టు

పొయ్యి_వెలుగు గారూ, మీ పోస్టు ఇద్దరం రెండుసార్లు చదివాం. చుక్కాని_పట్టు గారి మాట విని నాలుగు మెరీనాలకు ఫోను చేశాం. ఒకచోట నివాస మూరింగ్ వేసవికి ఖాళీ అవుతుందన్నారు, పేరు రాయించాం. అది చేతికి వచ్చాకే పడవ డబ్బు కడతాం.

పడవ మళ్లీ చూశాం. ఐసొలేటరు లేదు. అమ్మేవారిని అడిగితే, పడవ చాలా ఏళ్లు మెరీనాలో గట్టు కరెంటు మీదే ఉందని ఒప్పుకున్నారు. ఇప్పుడు రెండు దారులు చెబుతున్నారు. ఒకటి, గుంటలను వెల్డింగుతో పూడ్చడం. రెండోది, అడుగు, పక్కలు కలిపి మొత్తం కొత్త రేకు పైన అతికించడం. రెండో దానికి సగం ఖర్చు వాళ్లు భరిస్తారట. ఏది మంచిది?

ఇనుప_అడుగు

మొదటిదే. మీ అంకెలకు మొత్తం రేకు అతికించవలసిన అవసరం లేదు. సగం ఖర్చు వాళ్లదే కదా అని లొంగిపోకండి.

6 మి.మీ. ఉక్కు రేకు చదరపు మీటరుకు 47 కిలోలు. మీ పడవ అడుగు ఒక్కటే ముప్పై చదరపు మీటర్లకు పైన ఉంటుంది. అంటే అడుగుకే ఒకటిన్నర టన్ను అదనం, పక్కలు కలిపితే ఇంకా పెరుగుతుంది. అంత బరువు పెరిగితే పడవ కిందికి దిగుతుంది. పడవ నిలకడ కోసం లోపల నేల కింద పెట్టిన బరువు ఇటుకలను తీసి సరిచేయాలి, అంటే మీకు నచ్చిన ఆ చెక్కనేలను విప్పాలి. పైగా 8.9 ఉన్న అడుగు రేకు మీద ఇంకో రేకు ఎందుకు? పాత రేకు నిజంగా పలుచబడిన పడవకు అది ప్రాణం పోస్తుంది. మీది ఆ స్థితిలో లేదు.

గుంటలను శుభ్రంగా గ్రైండింగ్ చేసి, వెల్డింగుతో నింపి, ఆ భాగం మళ్లీ కొలిపించండి. అదే సర్వేయరు చేత రాతపూర్వకంగా తీసుకోండి. ఖర్చు మొత్తం అమ్మేవారిదే అని అడగండి, లేదా ధరలో తగ్గించమనండి. వెల్డింగు చేసేవారికి లోపల స్ప్రే ఫోమ్ ఉందని తప్పకుండా చెప్పాలి. బయట వెల్డింగు వేడికి లోపల ఫోమ్ మండి విషపు పొగ వస్తుంది. ఆ చోట లోపలి చెక్క తీసి, ఫోమ్ గీకేసి, పని జరుగుతున్నంతసేపు అగ్నిమాపకం పట్టుకుని ఒక మనిషి లోపల ఉండాలి. ఇది వద్దనే వెల్డరును మీరే వద్దనండి.

పడవ ఎలాగూ డాక్ (మరమ్మతుకు నీటి బయట నిలిపే చోటు) మీద ఉంటుంది కనుక ఇప్పుడే ఇసుకతో కొట్టించి ఎపాక్సీ పూత వేయించండి. మామూలు తారుపూతను రెండు మూడేళ్లకోసారి మళ్లీ వేయాలి. ఎపాక్సీకి ఖర్చు ఎక్కువ, కానీ చాలా ఏళ్లు నిలుస్తుంది. అది మెరిసే ఉక్కు మీద మాత్రమే పట్టుకుంటుంది, పాత తారు మీద వేస్తే పొరలుగా ఊడిపోతుంది. నీటిలోకి దించేముందు ఆనోడ్లు, ఐసొలేటరు కూడా అయిపోవాలి.

నూనె_మరక

ఇంజను గురించి ఎవరూ రాయలేదు కనుక నాలుగు మాటలు. బీటా 38 నమ్మకమైన ఇంజను, కుబోటా బ్లాకు మీద కట్టినది. ఎన్ని గంటలు తిరిగిందో మీటరు చూడండి, నూనె మార్చిన రాతలు అడగండి. సుమారు 250 గంటలకోసారి నూనె, ఫిల్టరు మార్చాలి. డీజిలు ట్యాంకును చలికాలంలో నిండుగా ఉంచండి. ఖాళీ ఉన్నచోట గాలిలోని తేమ నీటి బొట్లుగా మారి అడుగున చేరుతుంది, ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగటతో ఫిల్టర్లు మూసేస్తాయి.

ప్రయాణం ముగిసిన ప్రతి సాయంత్రం స్టెర్న్ గ్లాండు గ్రీజు మరను కాస్త బిగుసుకునేదాకా తిప్పండి. ప్రొపెల్లరు ఇరుసు బయటికి వెళ్లే చోటు అది. మీదానికి గ్రీజు మర ఉందో, గ్రీజు అక్కరలేని రకమో ముందు చూసుకోండి. ఇంజను కింద బిల్జ్‌లో (పడవ అడుగుభాగంలో) నీరు ఎంత ఉందో రోజూ ఒక చూపు చూడండి. కొద్దిగా చుక్కలు పడటం సహజం, రోజురోజుకూ పెరిగితే ప్యాకింగ్ మార్చాలి.

వీడ్ హాచ్ (ప్రొపెల్లరు పైనుండే, చేయి పెట్టి శుభ్రం చేసే మూతగల రంధ్రం) సంగతి అన్నింటికంటే ముఖ్యం. ప్రొపెల్లరుకు ప్లాస్టిక్ సంచులు, తాళ్లు, బట్టలు చుట్టుకుంటాయి. నగరం దాటేటప్పుడు మరీ ఎక్కువ. ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాకే చేయి పెట్టండి. పని అయ్యాక మూతను సరిగ్గా కూర్చోబెట్టి, బిగించి, ఇంజను నెమ్మదిగా తిప్పి నీరు కారడం లేదని చూడండి. మూత వదులుగా ఉండగా వేగం పెంచితే ప్రొపెల్లరు నీటిని నేరుగా ఇంజను గదిలోకి ఎగజిమ్ముతుంది. పడవలు మునిగే కారణాల్లో ఇదొకటి.

లాకుల_దారి

దానికి జోడింపు. మునిగే మరో కారణం లాకు గడప. కిందికి దిగేటప్పుడు పై తలుపు దగ్గర నీటి కింద రాతి గడప ఉంటుంది, గోడ మీద తెల్లగీత దాని హద్దు. నీరు తగ్గుతుండగా పడవ వెనుక భాగం ఆ గడప మీద కూర్చుంటే ముందు భాగం దిగిపోయి నీరు లోపలికి వస్తుంది. పడవను ముందుకే ఉంచండి, చుక్కాని దగ్గర మనిషి కళ్లు ఆ గీత మీదే ఉండాలి. ఏమాత్రం వంగినట్టు అనిపించినా, విండ్‌లాస్ (తూములు తిప్పే పిడి) పట్టుకున్నవారు కింది తూములు వెంటనే మూసేయాలి. అవి మూసుకున్నాకే పై తూము నెమ్మదిగా తెరిచి నీరు పెంచాలి. మీ ఇద్దరిలో ఒకరు పాపను చూసుకోవాలి కాబట్టి మొదటి ప్రయాణాలకు మూడో మనిషిని తోడు తీసుకెళ్లండి. నేను టార్డెబిగ్ దగ్గర ఉంటే తప్పకుండా వస్తాను.

చుక్కాని_పట్టు

కాగితాల గురించి క్లుప్తంగా. పడవలకు భూమి రిజిస్ట్రీ లాంటిది లేదు. కనుక అమ్మేవారు తాము కొన్నప్పటి బిల్లు చూపాలి, పడవ మీద అప్పు లేదని రాసివ్వాలి. 2003 పడవ కనుక సీఈ పలక, యజమాని పుస్తకం ఉండాలి. పాతవారి లైసెన్సు మీకు రాదు, మీ పేరు మీద కొత్తది తీసుకోవాలి. దానికి బీమా, నాలుగేళ్ల చెల్లుబాటు ఉన్న భద్రతా ధ్రువపత్రం ఉండాలి. ధ్రువపత్రం గడువు ఎప్పుడో చూడండి, వచ్చే నెలే అయితే దాన్ని పునరుద్ధరించి ఇమ్మనండి.

తేనెపట్టు

అమ్మేవారు వెల్డింగు ఖర్చు మొత్తం భరించడానికి ఒప్పుకున్నారు. ఎపాక్సీ, ఆనోడ్లు, ఐసొలేటరు మావి. మూరింగ్ ఒప్పందం మీద సంతకం అయ్యాకే డాక్ తేదీ ఖాయం చేస్తాం.

ఇంకో రెండు సందేహాలు. మరుగుదొడ్డి క్యాసెట్టు రకం, అంటే బయటికి తీసి ఖాళీ చేసే డబ్బా ఉన్నది. ముగ్గురికి సరిపోతుందా? రెండోది, సర్వేలో ముందున్న గ్యాసు పెట్టె అడుగు రంధ్రాలు నీటికి మరీ దగ్గరగా ఉన్నాయని రాశారు. అది ప్రమాదమా?

పొయ్యి_వెలుగు

క్యాసెట్టు ముగ్గురికి రెండు మూడు రోజుల్లో నిండుతుంది. అదనపు క్యాసెట్లు రెండు కొనుక్కోండి, మెరీనాలో ఎల్సన్ గది (క్యాసెట్టు ఖాళీ చేసే చోటు) ఉంటుంది కనుక ఇబ్బంది ఉండదు. పంప్ అవుట్ ట్యాంకు (యంత్రంతో పీల్చి ఖాళీ చేయించే ట్యాంకు) కంటే నాకు ఇదే నయం. కాలువ గడ్డకట్టి పడవ కదలకపోయినా క్యాసెట్టును చేత్తో మోసుకెళ్లవచ్చు.

ఇనుప_అడుగు

గ్యాసు పెట్టె విషయం చిన్నది కాదు. ప్రొపేన్ గాలికంటే బరువు. లీకైతే అడుగుకు చేరి, ఆ రంధ్రాల గుండా బయటికి పోవాలి. రంధ్రాలు నీటిలో మునిగితే గ్యాసుకు దారి ఉండదు, పైగా నీరు లోపలికి వచ్చి సిలిండర్ల కింద రేకు తుప్పు పడుతుంది. ముందు భాగం బరువు తగ్గించి, వెనుక కొంచెం బరువు ఇటుకలు పెడితే సాధారణంగా సరిపోతుంది. సిలిండర్లు తీసి పెట్టె అడుగు కూడా కొలిపించండి, సర్వేల్లో తరచూ వదిలేసే చోటు అది. పడవను డాక్ నుంచి దించిన రోజే రంధ్రాల ఎత్తు కొలవండి. ముందున్న నీటి ట్యాంకు నిండుగా, రెండు సిలిండర్లూ నిండుగా ఉండగా కొలవాలి. ట్యాంకు ఖాళీగా ఉంటే ముందు భాగం పైకి తేలి, కొలత ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.